కీమో మందు కలిపే చేతికి శిక్షణ ఏది?

సంపాదకులకు నమస్కారం.

మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ (మందు ఎక్కించుకుని అదే రోజు ఇంటికి వెళ్లే) క్యాన్సర్ సెంటర్లు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. మన నెల్లూరు, ప్రకాశం రోగులకు ఇది మంచి కబురే. ప్రతి విడత కీమోకీ చెన్నై రైలెక్కే తిప్పలు కొంత తగ్గుతాయి. అయితే మంచాల సంఖ్య, డాక్టర్ల పోస్టుల గురించి జరిగే చర్చలో ఒక ప్రశ్న వినపడటం లేదు: అక్కడ కీమో మందు కలిపేదెవరు?

మామూలు ఇంజెక్షన్ సెలైన్‌లో కలిపినట్టు కాదిది. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందును 5 శాతం డెక్స్ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్‌లోని క్లోరైడ్ తగిలితే మందు చెడిపోతుంది. అదే కుటుంబానికి చెందిన సిస్‌ప్లాటిన్‌కు మాత్రం సెలైనే కావాలి. పాక్లిటాక్సెల్‌ను మామూలు పీవీసీ సెట్‌తో ఎక్కిస్తే, మందులోని ద్రావకం ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాన్ని లాగి ఒంట్లోకి పంపుతుంది. విన్‌క్రిస్టిన్ పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణం దక్కడం అరుదు. అందుకే సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే హెచ్చరించింది. సంచిని పట్టుకుని వెన్నులో గుచ్చబోయేవాళ్లుండరు కదా.

లెక్కల్లో తప్పయితే కంటికి కూడా కనపడదు. కార్బోప్లాటిన్ డోసు కిడ్నీల పనితీరును బట్టి ఉంటుంది: జీఎఫ్‌ఆర్‌కు (కిడ్నీల వడపోత వేగానికి) 25 కలిపి, డాక్టర్ రాసిన ఏయూసీతో (ఒంట్లో మందు మొత్తంగా ఎంత ఉండాలో చెప్పే అంకెతో) హెచ్చవేయాలి. 60 ఏళ్ల, 50 కిలోల మహిళకు క్రియాటినిన్ (కండల్లో పుట్టి కిడ్నీల ద్వారా పోయే వ్యర్థం) 0.6 అని రిపోర్టు వచ్చిందనుకోండి. వయసు, బరువు, క్రియాటినిన్‌లతో లెక్కకట్టే కాక్‌క్రాఫ్ట్ సూత్రంతో జీఎఫ్‌ఆర్ సుమారు 79, ఏయూసీ 5 అయితే డోసు దాదాపు 520 మి.గ్రా. కానీ ఆమె కండ కరిగి చిక్కిపోయిన మనిషైతే, ఆ 0.6 కిడ్నీల బలం కాదు, కండ లేకపోవడం. చాలాచోట్ల ఇలాంటివారికి 0.8 అనుకునే లెక్క కడతారు. అప్పుడు వచ్చేది 420. ఆ వంద మిల్లీగ్రాముల తేడాకు ప్లేట్‌లెట్లు పడిపోయి, మళ్లీ అడ్మిషన్. కనిగిరి వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువగా చూసే మన ప్రాంతంలో ఈ లెక్కను రెండో మనిషి సరిచూడకుండా వయల్ (మందు సీసా) మూత తీయకూడదు.

కలిపేవాళ్ల ఆరోగ్యం మరో సంగతి. గాలిని మనిషి వైపు తోసే హారిజాంటల్ ఫ్లో బల్ల కీమోకు పనికిరాదు, మందు ఆవిరి మనిషి మీదకు రాకుండా గాలిని లోపలికి లాగే క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్ కావాలి. రెండు జతల గ్లౌజులు, సూది ఊడకుండా మెలితిప్పి బిగించే లూయర్ లాక్ సిరంజి తప్పనిసరి. సిరంజిని ముప్పావు భాగానికి మించి నింపకూడదు, వయల్‌లోకి గాలి ఎక్కువ కొడితే సూది తీసేటప్పుడు మందు చిమ్ముతుంది. నేర్చుకునేటప్పుడు మందుకు బదులు ఫ్లోరెసిన్ రంగునీళ్లు ఇస్తారు. పని ముగిశాక అతినీలలోహిత దీపం కింద చేతులు పెడితే, శుభ్రంగా చేశామనుకున్న గ్లౌజు మీద పచ్చటి చుక్కలు మెరుస్తాయి. ఆ పాఠం ఏ పుస్తకమూ చెప్పలేదు.

2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు సిలబస్‌లో క్యాన్సర్ మందులున్నాయి. చదవడం వేరు, క్యాబినెట్ ముందు కూర్చోవడం వేరు. అమెరికాలో ఫార్మ్‌డీ తర్వాత మొదటి ఏడాది సాధారణ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ శిక్షణ), రెండో ఏడాది ఆంకాలజీ (క్యాన్సర్ వైద్యం) రెసిడెన్సీ చేస్తారు. మనకు అంత ఇప్పట్లో కుదరదు. కానీ డే కేర్ తెరిచే ముందే సెంటర్‌కు ఇద్దరు ఫార్మసిస్టులను విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట కనీసం మూడు నెలలు ఉంచి నేర్పించవచ్చు. ఇద్దరని ఎందుకంటున్నామంటే, ఒకరు సెలవు పెట్టిన రోజున ఆ పని డ్యూటీ నర్సు మీద పడుతుంది.

ఆ ఇద్దరినీ ఆర్నెల్లకే స్టోర్స్‌లో ఇండెంట్లు రాయడానికి మార్చకూడదని కూడా ఉత్తర్వులోనే రాయాలి.

– కొందరు ఆసుపత్రి ఫార్మసిస్టులు, నెల్లూరు