మన బడిలో ఈ ఏడాది ఏముంటుంది, ఏముండదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జూన్ 12న బడి తెరుస్తున్నాం. వేసవి సెలవుల్లో అడ్మిషన్ల కోసం వచ్చినవాళ్లూ, ఇప్పటికే పిల్లలను చదివిస్తున్నవాళ్లూ నన్ను అడిగిన ప్రశ్నలు దాదాపు ఒకటే. అందుకే ఒక్కచోట రాస్తున్నాను. మనది భూదాన్ పోచంపల్లి పక్కన ఎల్‌కేజీ నుంచి ఏడో తరగతి వరకు ఉన్న చిన్న బడి. కష్టపడి ఫీజు కడుతున్న మీకు ఇక్కడ ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో దాపరికం లేకుండా చెప్పడం కరస్పాండెంట్‌గా నా బాధ్యత.

ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ పెట్టమని చాలామంది అడిగారు. పెట్టడం లేదు. పెడితే ఫీజు పెంచుకోవచ్చు, బోర్డు మీద ఆ మాట చూసి కొత్త పిల్లలూ చేరతారు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ భిన్నాల దగ్గరే ఇంకా తడబడుతున్న పదకొండేళ్ల పిల్లవాడి ముందు పోటీ పరీక్షల బిట్లు కుప్పపోస్తే జవాబులు ముక్కున పట్టడం అలవాటవుతుంది, లెక్కలంటే భయం మాత్రం లోపల అలాగే ఉండిపోతుంది. మీకు అదే చదువు కావాలనిపిస్తే మీ నిర్ణయాన్ని తప్పుపట్టను. బకాయి ఉన్నా సరే, టీసీ అడిగిన రోజే ఇస్తాను. నాలుగో తరగతి పిల్లలకు గురుకుల ప్రవేశ పరీక్ష కోసం సాయంత్రాలు చెప్పడం ఎప్పటిలాగే కొనసాగుతుంది. సీటు వస్తే సంతోషంగా పంపండి. దానివల్ల ఐదో తరగతిలో మాకు పిల్లలు తగ్గుతారు. అయినా చదువు, భోజనం, వసతి ఉచితంగా దొరికే చోటికి వెళ్లే పిల్లవాణ్ని ఆపడానికి నాకు మనసొప్పదు.

ఇక అన్నిటికన్నా బరువైన ప్రశ్న చేనేత కుటుంబాల నుంచి వచ్చింది. "మగ్గం కష్టం తప్పాలనే కదా సార్ బడికి పంపుతున్నాం, మీరు మళ్లీ మగ్గం దగ్గరికే తీసుకెళ్తారా?" అని ఒక తండ్రి సూటిగా అడిగారు. అడగవలసిన మాటే. శనివారం పూట చివరి రెండు పీరియడ్లు ఐదు, ఆరు, ఏడు తరగతుల పిల్లలను నేత ఇళ్లకు, వడ్రంగి దుకాణానికి, పొలాలకు తీసుకెళ్తున్నాం. అక్కడ ఏ పిల్లా పని చేయదు. వేడి రంగుల దగ్గరికి ఎవరినీ వెళ్లనివ్వం. చూస్తారు, కొలుస్తారు, అడుగుతారు, తిరిగి వచ్చి నోటుబుక్కులో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. చేతిపని ద్వారా చదువు చెప్పాలని 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించారు. విధానాల సంగతి అలా ఉంచి, కళ్లారా చూసింది చెబుతాను.

ఆరో తరగతిలో వృత్తం పాఠం వచ్చినప్పుడు మా లెక్కల టీచరు బోర్డు దగ్గరికి వెళ్లలేదు. వరండాలో ఒక అమ్మాయిని ఒకచోట నిలబెట్టి, చేతికి తాడు కొస ఇచ్చి, మిగతావాళ్లను ఎదురుగా సుద్దగీత మీద వరుసగా నిలబెట్టారు. తాడు ఒక్కొక్కరి దాకా లాగి చూస్తే నడుమ ఉన్నవాళ్లకు మిగిలిపోతోంది, చివరివాళ్లకు చాలడం లేదు. అందరికీ ఒకే తాడు సరిపోయేలా నిలబడమన్నారు. చివరివాళ్లు ముందుకు, నడిమివాళ్లు వెనక్కి జరిగారు. కాసేపు తోసుకున్నారు, పోట్లాడుకున్నారు. సర్దుకున్నాక చూస్తే వరుస విల్లులా వంగి ఉంది.

ఆ శనివారమే ఒక ఇంట్లో వాళ్లకు ఆసు, అంటే రంగులద్దే ముందు నూలును చుట్టే చెక్క చట్రం, చూపించాం. ఒకవైపు ఒంటి కొయ్య, ఎదురుగా వంపులో కొయ్యల వరుస, వాటి మధ్య అటూ ఇటూ తిరిగే పేక (అడ్డపోగు) నూలు. "మనం నిలబడినట్టే ఉంది!" అని ఒక పిల్లవాడు అరిచాడు. ఆ ఇంటి నాయనమ్మ గారు కొయ్య వరుస తప్పితే ఏమవుతుందో చెప్పారు: పోగుల పొడవు తేడా వస్తుంది, రంగు అంటకుండా పట్టీతో బిగించి చిటికి కట్టిన చోటు జరిగిపోతుంది, నేసేటప్పుడు పువ్వు చెదురుతుంది. వ్యాసార్థం అనే మాట టీచరు సోమవారం బోర్డు మీద రాశారు. దానికి అర్థం చెప్పవలసిన అవసరం రాలేదు.

చిటికిలో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. గ్రాఫు కాగితం మీద సగం బొమ్మ గీస్తే మిగతా సగం అద్దంలో లాగా ఎలా వస్తుందో చూస్తే సౌష్ఠవం అర్థమవుతుంది. లేత రంగు ముందు ఎందుకు అద్దాలి, ముదురు రంగు చివర ఎందుకు రావాలి, రబ్బరు పట్టీ ఏ దశలో విప్పాలి అనేది వరుసక్రమంలో ఆలోచించడం నేర్పుతుంది. ఏడో తరగతి పిల్లలు ఈ క్రమం తప్పుగా చెప్పి, మళ్లీ సరిచేసుకునే తీరు చూస్తుంటే నాకు గంటలు తెలియవు.

మన జిల్లాలోనే ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారి గురించి మీకు తెలిసే ఉంటుంది. ఒక్కో చీరకు వేలసార్లు చేయి ఆడించి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. తల్లి లక్ష్మి గారి పేరే దానికి పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పేదరికం వల్ల చిన్నప్పుడే బడి మానేయవలసి వచ్చిన మనిషి ఆయన. అలా పనిని దగ్గరగా గమనించే చూపున్న పిల్లలు మన వీధుల్లో ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు బడి మానకుండానే ఆ చూపు నిలుపుకోవాలన్నది నా పట్టుదల. ఎవరి బిడ్డా మగ్గం మీదే బతకాలని నేను కోరుకోవడం లేదు. ఇంజనీరైనా నర్సైనా, అమ్మానాన్నలు చేసే పనిలో ఎంత తెలివి ఉందో తెలిసి వెళ్లాలి.

యూనిట్ టెస్టులు, ఎక్కాలు, డిక్టేషన్, హోంవర్క్ యథాతథంగా ఉంటాయి. తరగతికి పాతికమందికి మించి చేర్చుకోం.

ఫీజు ఈ ఏడాది నెలకు 100 రూపాయలు పెరుగుతుంది. అది మొత్తం టీచర్ల జీతాలకే. కరోనా కాలంలో బడులు మూతపడి జీతాలు ఆగిపోయినప్పుడు, 2021లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చేదాకా మా టీచర్లకు మీ ఇళ్ల నుంచే బియ్యం, కూరగాయలు వచ్చాయి. అడగకుండానే పంపారు. వాళ్లలో కొందరికి పట్నంలో ఎక్కువ జీతం దొరుకుతున్నా ఇక్కడే ఉండిపోవడానికి ఆ రోజులే కారణమని నాతో చాలాసార్లు అన్నారు. మీ పిల్లవాడి అల్లరి, భయం, ఇష్టం అన్నీ తెలిసిన టీచరు మరుసటి ఏడాది కూడా బడిలో ఉండడం ఎంత విలువైనదో ఒకరిద్దరు మారిపోయిన బడిని చూస్తే తెలుస్తుంది. వాళ్లను నిలుపుకోవడానికే ఈ పెంపు. ఒకేసారి కట్టలేనివారు చీర అమ్ముడైనప్పుడో, పంట చేతికొచ్చినప్పుడో విడతలుగా కట్టండి. ముందుగా ఒక మాట చెబితే చాలు, పిల్లల ముందు ఎవరూ ఫీజు మాట ఎత్తరు.

రెండు సాయాలు కావాలి. యంత్రం వచ్చాక మూలన పెట్టేసిన పాత చెక్క ఆసు ఎవరి ఇంట్లోనైనా ఉంటే చెప్పండి, మనిషిని పంపి తెప్పించుకుంటాను. అలాగే మిరప, పత్తి చేలలో పురుగులను గుర్తుపట్టి చెప్పగల రైతు ఒకరు జూలై నుంచి శనివారాలు గంటసేపు పిల్లలతో గడపగలిగితే బాగుంటుంది. సాయంత్రం ఐదు దాటాక నేను బడి దగ్గరే ఉంటాను, రండి.