ఎర్రబడితే పరుగు, మసకబారితే ఓపికా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో కళ్ళ గురించి ఎప్పుడొచ్చినా ఫోన్ ఎక్కువ చూడకండి, కండ్లకలక వస్తే చేతులు కడుక్కోండి, ఈ రెండే ఎక్కువ కనిపిస్తున్నాయండి. తప్పని కాదు, రెండూ కావాల్సినవే. నేను కళ్ళు టెస్ట్ చేసి అద్దాల నంబర్ రాసే పనిలో ఉన్నా, డాక్టర్ని కాదు, కానీ రోజూ ఎదురుగా కూర్చునే వాళ్ళని చూస్తుంటే మనం భయపడాల్సినవాటికి భయపడట్లేదు, అక్కర్లేనివాటికి హడలిపోతున్నాం అనిపిస్తుంది. కన్ను కాస్త ఎర్రబడితే ఇంటిల్లిపాదీ కంగారు, అదే ఒక కంట్లో చూపు తగ్గితే "అద్దాలు మార్చాలేమో, చూద్దాంలే" అని నెలలు గడిచిపోతాయి.

తెల్లగుడ్డు మీద రక్తం చిమ్మినట్టు ఎర్రటి మచ్చ వస్తుంది చూడండి, అద్దంలో చూసుకుంటే గుండె జారిపోతుంది, కానీ అది గట్టిగా దగ్గినా తుమ్మినా బరువెత్తినా పైపొర కింద చిన్న రక్తనాళం చిట్లి వచ్చేది, నొప్పి ఉండదు, చూపులో తేడా ఉండదు, ఒకట్రెండు వారాల్లో దానంతటదే పోతుంది. దెబ్బ తగిలి వచ్చినా, మాటిమాటికీ వస్తున్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా మాత్రం చూపించుకోవాలి, బీపీ కూడా చూపించుకుంటే మంచిది. రెప్ప అదరడం కూడా ఎక్కువగా నిద్ర చాలకో అలసటకో వచ్చేదే. రెప్ప మీద కురుపు లేస్తే రోజుకి నాలుగైదు సార్లు గోరువెచ్చని కాపడం పెట్టాలి, గిల్లకూడదు, అంతే.

అసలు భయపడాల్సింది నొప్పి లేకుండా వచ్చేవాటికండి. కంటి లోపల వెనకవైపు, చూసే దృశ్యం పడే పల్చటి పొరే రెటీనా, దానికి నొప్పి తెలిసే నరాలు లేవు, అందుకే అది చిరిగినా ఊడినా మనిషికి తెలియజేసేది చూపొక్కటే. వయసు పెరిగేకొద్దీ కంట్లో ఉండే జెల్లీ లాంటి పదార్థం కుంచించుకుపోయి రెటీనాని లాగుతుంది, అలా లాగినప్పుడల్లా ఓ పక్కన మెరుపు మెరిసినట్టు ఉంటుంది, చీకట్లో బాగా తెలుస్తుంది. నల్లచుక్కలు, దోమలు, వెంట్రుకల్లాంటివి కళ్ళ ముందు తేలడం చాలామందికి ఏళ్ళ తరబడి ఉంటుంది, ఆ పాతవాటితో ఇబ్బంది లేదు. కానీ ఉన్నట్టుండి కొత్తవి గుంపుగా వచ్చాయి, మెరుపులు కూడా ఉన్నాయి, లేదా ఓ మూల నుంచి నల్లటి తెర దిగుతున్నట్టు ఉందంటే రేపు ఎల్లుండి అనకూడదు, ఆరోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. చిరుగు దశలో దొరికితే చాలాసార్లు లేజర్‌తో సరిపోతుంది, గోడకి అంటించిన కాగితంలా ఊడి వచ్చేస్తే ఆపరేషనే. రెటీనా మధ్యలో ఉండి సూటిగా చూసే చూపునిచ్చే మాక్యులా దాకా ఊడకముందే చేస్తే చూపు దక్కే అవకాశం చాలా ఎక్కువ, అది కూడా ఊడాక చేస్తే రెటీనా అతుక్కున్నా చూపు మునుపటిలా రాకపోవచ్చు. మైనస్ నంబర్ ఎక్కువున్నవాళ్ళు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు, కంటికి దెబ్బ తగిలినవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా ఇది వచ్చినవాళ్ళు ఇంకొంచెం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. అన్నట్టు ఈ పరీక్షకి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపలేరు, తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి.

మెరుపులన్నీ రెటీనావే కాదులెండి. మైగ్రేన్ ఉన్నవాళ్ళకి వంకర టింకర గీతల్లా మెరుస్తూ మెల్లగా పెద్దదై ఇరవై ముప్పై నిమిషాల్లో పోయేది ఒకటుంటుంది, అది ఒక కన్ను మూసినా రెండో కన్ను మూసినా కనపడుతుంది. అయినా మొదటిసారి వస్తే నిర్ధారణ డాక్టర్‌కే వదిలేయాలి.

ఒక కంట్లో చూపు పూర్తిగా పోయి కొన్ని నిమిషాల్లో మళ్ళీ వచ్చేసిందనుకోండి, చాలామంది "హమ్మయ్య" అని ఊరుకుంటారు. అక్కడే పొరపాటు, అది కంటికి వెళ్ళే రక్తం కాసేపు ఆగిన గుర్తు అయ్యుండొచ్చు, అంటే పక్షవాతం ముందు హెచ్చరిక. అలా వస్తే, లేదా హఠాత్తుగా ఒకటి రెండుగా కనిపించినా, రెప్ప వాలిపోయి ఒక కంటిపాప పెద్దదైనా అద్దాల షాపుకి కాదు, నేరుగా ఎమర్జెన్సీ ఉన్న హాస్పిటల్‌కి వెళ్ళాలి.

నొప్పితో వచ్చే వాటిలో బాగా మోసపోయేది నీటికాసుల్లో (గ్లకోమా) ఒక రకం. కంట్లో ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 mmHg మధ్య ఉంటుంది (బీపీని కొలిచే లెక్కే ఇదీ), ఇందులో లోపలి నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి గంటల్లో 50 కూడా దాటొచ్చు. కన్ను ఎర్రబడుతుంది, తలపోటు, లైట్ల చుట్టూ రంగుల వలయాలు, పైగా వాంతులు, ఆ వాంతులు చూసి కడుపులో ఏదో తేడా చేసిందనుకుని మాత్రలు మింగి పడుకుంటారు. తెల్లారేసరికి కంటి నరం దెబ్బతినొచ్చు. మామూలు రకం నీటికాసులు దీనికి పూర్తిగా రివర్స్, నొప్పి లేదు ఎరుపు లేదు, పక్కచూపు ఏళ్ళ మీద తరిగిపోతుంది, పోయింది తిరిగి రాదు, కాబట్టి 40 దాటాక చత్వారం అద్దాలకి వచ్చినప్పుడైనా ప్రెషర్, కంటి నరం చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్ళకి ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పదు, చూపు బాగానే ఉంది కదా అంటే కుదరదు, మొదట్లో అది బాగానే ఉంటుంది.

ఎరుపు విషయంలో నేను అందరికీ చెప్పేది ఇది. పుసి తుడుచుకుంటే చూపు క్లియర్ అవుతోందా, వెలుతురు చూడగలుగుతున్నారా, నొప్పి కాకుండా దురద, గరగర మాత్రమేనా, అయితే కండ్లకలకే అయ్యుండొచ్చు, అది చూస్తే అంటుకోదు, చేతుల వల్ల, టవల్స్ వల్ల అంటుకుంటుంది, ఎక్కువగా వైరస్‌దే కాబట్టి యాంటీబయాటిక్ చుక్కలతో పనుండదు. అదే నొప్పి ఉండి, మసక ఉండి, లైటు భరించలేకపోతే ఆరోజే డాక్టర్. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్ళయితే లెన్స్ తీసేసి వెంటనే వెళ్ళాలి, నల్లగుడ్డు మీద పుండు పడితే ఒకట్రెండు రోజుల్లోనే ముదిరిపోతుంది. ఇంకోటండి, ఇంట్లో ఎవరికో రాసిచ్చి మిగిలిన చుక్కలు దయచేసి వేసుకోవద్దు. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు వేస్తే ఎరుపు పోతుంది, హాయిగా ఉంటుంది, లోపల ఫంగసో హెర్పిస్సో ఉంటే మాత్రం పెరిగిపోతుంది, నెలల తరబడి వేస్తే ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం వస్తుంది.

సున్నం, సిమెంట్, యాసిడ్, క్లీనింగ్ లిక్విడ్ ఏది పడినా డాక్టర్ కోసం వెతికే ముందు నీళ్ళు. శుభ్రమైన నీళ్ళతో రెప్ప తెరిచి పట్టుకుని కనీసం 15 నిమిషాల నుంచి అరగంట, ఆ తర్వాతే ప్రయాణం.

పిల్లల్లో ఫ్లాష్ వేసి తీసిన ఫొటోల్లో ఒక కంటిపాప ఎర్రగా కాకుండా తెల్లగా మెరుస్తుంటే, మెల్లకన్ను కనిపిస్తుంటే వయసుతో అదే పోతుందని ఆగొద్దు. తెల్లటి మెరుపు వెనక శుక్లం ఉండొచ్చు, అరుదుగా కంటి క్యాన్సర్ కూడా ఉండొచ్చు, అది ఎక్కువగా ఐదేళ్ళ లోపు పిల్లల్లోనే వస్తుంది.

వీటన్నిటికీ ఒక ఇబ్బంది ఉంది, ఒక కంటి లోపాన్ని రెండోది కప్పేస్తుంది. ఒక కన్ను దాదాపు కనపడని మనిషి టీవీ చూస్తూ పేపర్ చదువుతూ మామూలుగా తిరుగుతుంటాడు, ఎప్పుడో నలక పడి బాగున్న కన్ను నలుపుకున్నప్పుడు బయటపడుతుంది. అందుకే మీకో మనవి ఎడిటర్ గారూ. ఆరోగ్యం పేజీలో నెలకోసారి ఓ మూల ఆమ్స్లర్ గళ్ళ బొమ్మ వేయండి, 10 సెంటీమీటర్ల చదరం, అందులో అర సెంటీమీటర్ గళ్ళు, మధ్యలో ఒక చుక్క, ఇంతే, పెద్ద ఖర్చు కూడా కాదు. చదివే అద్దాలు పెట్టుకుని, 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి ఆ చుక్కనే చూడాలి, తర్వాత రెండోది. గీతలు వంకరగా కనిపించినా, మధ్యలో ఎక్కడైనా చెరిగిపోయినట్టున్నా మాక్యులాలో తేడా ఉందని అనుమానించి ఆ వారం ఆగకుండా చూపించుకోవాలి. దీంతో నీటికాసులు తెలియవు, షుగర్ వాళ్ళ ఏడాది పరీక్షకి ఇది బదులు కాదు, ఆ రెండు ముక్కలు కూడా బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో వేయండి, ఎందుకంటే చదవాల్సినవాళ్ళకి చిన్నక్షరాలు కనపడవు.

ఇట్లు,
మీ పాఠకుడు