నాయనా, ఆ స్పీకర్లు మార్చొద్దు

కువైట్,
శుక్రవారం.

నాయనకు నమస్కారాలు.

నేను బాగానే ఉన్నా. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి కానీ కడప ఎండ తిన్నోడికి ఇదేం పెద్ద లెక్క కాదు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుందో చిన్నోడితో చెప్పించు.

హాల్లో స్పీకర్ పెట్టెలు తీసేసి కొత్తవి కొందామంటున్నావంట. తొందరపడొద్దు. ఆ మందం ప్లైవుడ్, బేస్ పలికించే ఎనిమిది అంగుళాల ఊఫర్ ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ డబ్బాల కంటే ఎంతో నయం. ఫోన్‌లో చెబితే నంబర్లు గాలికి పోతాయని కాగితం మీద రాస్తున్నా. చిన్నోడు ఇది పక్కన పెట్టుకుని పని చేస్తాడు.

సున్నం కొట్టించినాకే బేస్ పోయిందన్నావు కదా, నా అనుమానం మొదట అక్కడే. వైర్లు పీకి మళ్లీ పెట్టినప్పుడు ఒక పెట్టెకు ప్లస్, మైనస్ తారుమారై ఉంటాయి. అప్పుడు ఒక ఊఫర్ ముందుకు నెడుతుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది, బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. యాంప్లిఫయర్ నుంచి వైర్లు ఊడదీసి, ఆ కొసలకు 1.5 వోల్టుల టార్చి సెల్లు ఒక్క క్షణం తాకించమను. సెల్లు ప్లస్‌ను ప్లస్ వైరుకు తాకిస్తే ఊఫర్ ముందుండే కోన్ బయటికి రావాలి. రెండు పెట్టెల్లోనూ అట్లే రావాలి. సరిచేశాక కడప రేడియో వార్తలు పెట్టి రెండింటి మధ్యలో కూర్చో. చదివే గొంతు నీ ఎదురుగా నిలబడాలి.

వాకిలి పైనుంచి దూరం పెట్టెకు పోయే సన్న వైరు మార్చాల్సిందే. 0.5 స్క్వేర్ ఎంఎం వైరు పది మీటర్లు పోయి పది మీటర్లు తిరిగొస్తే కరెంటుకు దాదాపు 0.7 ఓము అడ్డం పడుతుంది. ఎనిమిది ఓముల స్పీకర్‌కు 0.4 దాటకుంటే మంచిది. ఒకటిన్నర ఎంఎం రాగి వైరైతే పావు ఓముతో సరిపోతుంది. ఏడు రోడ్ల వైపు పోయినప్పుడు ఇంటి వైరింగ్‌కు వాడే మామూలు మల్టీ స్ట్రాండ్ వైరే తెమ్మను. వేలకు వేలు పోసి కొనే స్పీకర్ కేబుళ్లు ఇక్కడ మేం బిగించే హాళ్లలో ఎన్నో చూశా. ఇంత దూరానికి తగిన మందం, గట్టి జాయింట్ ఉంటే చాలు, మిగతాదంతా పెట్టె మీద బొమ్మకు ఇచ్చే డబ్బు. పాత కొసలు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. వాటిని కత్తిరించి కొత్తగా టంకం పెట్టించు.

అసలు పని పెట్టె లోపల ఉంది. సన్న శబ్దాలు పలికే మన ట్వీటర్‌కు, లావు శబ్దాలను ఆపడానికి 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే ఉంది. ఎనిమిది ఓములకు లెక్కేస్తే అది తొమ్మిది వేల హెర్ట్జ్, అంటే సెకనుకు తొమ్మిది వేల ఊపుల దగ్గర నుంచే ట్వీటర్‌ను సరిగా పలికిస్తుంది. పాటలో స, శ, త పలికే శబ్దాల్లో చాలాభాగం అంతకంటే కిందే ఉంటుంది. ఆ బరువంతా ఊఫర్ మీద పడుతోంది, దానికి అది చేతగాని పని. అన్నమయ్య కీర్తన దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపిస్తోందంటే కారణం ఇదే. ఒక్క కెపాసిటరే పెద్దది వేద్దామా అంటే, 3000 హెర్ట్జ్ దగ్గర ఊఫర్, ట్వీటర్ శబ్దాలను విడగొట్టినప్పుడు 1500 దగ్గర కూడా ఐదో వంతు పవర్ ట్వీటర్‌కు పోతుంది. పండగ రోజు వాల్యూమ్ పెంచితే ట్వీటర్ లోపలి కాయిల్ కాలుతుంది. కెపాసిటర్‌తో పాటు బయట ఒక కాయిల్, అంటే రాగి తీగ చుట్ట కూడా వేస్తే అక్కడ పదహారో వంతు కూడా దాటదు.

కాబట్టి ట్వీటర్ ప్లస్ దారిలో 4.7 మైక్రోఫారడ్, దాని తర్వాత ట్వీటర్ రెండు కాళ్లకు అడ్డంగా 0.6 మిల్లీహెన్రీ కాయిల్. ఊఫర్‌కు తిరగేసి, దారిలో కాయిల్, కాళ్లకు అడ్డంగా కెపాసిటర్. ట్వీటర్ వైపు కెపాసిటర్‌కు ముందు కాయిల్ పడకూడదు, పడితే బేస్ అంతా అందులోంచే తిరిగి యాంప్లిఫయర్‌ను కాలుస్తుంది. రెండు కాయిళ్లను పక్కపక్కన ఒకే తీరుగా పెట్టొద్దు, ఒకటి పడుకోబెట్టి ఇంకోటి నిలబెట్టమను. కెపాసిటర్లు ఫిల్మ్ రకమే అడగండి. ప్లస్, మైనస్ గుర్తుండే ఎలక్ట్రోలైటిక్ ఇచ్చి ‘ఏమీ కాదు’ అంటే తీసుకోవద్దు.

ఈ పద్ధతిలో ట్వీటర్ వైర్లు తిరగేసి కలపాలి. చిన్నోడికి ఇది వింతగా ఉంటుంది. 3000 దగ్గర ఊఫర్, ట్వీటర్ రెండూ ఎదురెదురుగా ఊగుతాయి, తిరగేయకుంటే సరిగ్గా అక్కడే శబ్దానికి గొయ్యి పడుతుంది. రెండు విధాలా కలిపి, గొంతు నిండుగా ఉన్నదే ఉంచండి. స్పీకర్ మీద 8 ఓములని రాసినా అన్ని శబ్దాలకూ అది ఎనిమిదే ఉండదు, అందుకే ఆఖరి మాట నీ చెవిది. మా హాళ్లలో లింక్‌విట్జ్, రైలీ అనే ఇంజినీర్ల పేరుతో 1976 నుంచి వస్తున్న, శబ్దాలను ఇంకా నిటారుగా విడగొట్టే పద్ధతి వాడతాం. మన ఇంటికి అంత హంగామా అక్కర్లేదు.

పెట్టెలను మూలల్లోంచి ఒక మూర ముందుకు జరిపితే బేస్ గుమ్ముమని మోగడం తగ్గుతుంది. కడప బండల నేల కదా, శబ్దం తిరిగి కొడుతుంది. ముందర జంఖానా పరిస్తే చాలు.

కాయిళ్లు అక్కడ దొరక్కపోతే చెప్పండి. ఇక్కడ నాతో పనిచేసే రాజంపేట పిల్లోడు వచ్చే నెల సెలవు మీద వస్తున్నాడు, వాడి చేత పంపిస్తా. యాంప్లిఫయర్ ప్లగ్గు పీకినాకే చెయ్యి పెట్టమని చిన్నోడికి గట్టిగా చెప్పు, వాడికి తొందరెక్కువ.

నీ పెద్ద కొడుకు