బీపీ ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకులు గారికి,

కిడ్నీ జబ్బు మాటెత్తితే మన శ్రీకాకుళం జిల్లాలో అందరి చూపూ ఉద్దానం వైపే పోతుంది. అక్కడి జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. షుగరూ బీపీ లేనివాళ్లకూ వస్తోంది. బీపీ సంగతి అలా కాదు. అది కిడ్నీలను ఎలా పాడుచేస్తుందో తెలిసిందే, అయినా దాని మీద చర్చే లేదు.

బీపీ అదుపు తప్పితే కిడ్నీలోని సన్నని రక్తనాళాలు గట్టిపడి వడపోత మందగిస్తుంది. ఉప్పూ నీరూ ఒంట్లోనే నిలిచిపోయి బీపీ ఇంకా పెరుగుతుంది. ఏది ముందు మొదలైందో చెప్పడం ఒక్కోసారి డాక్టర్లకూ కష్టమే.

30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ కార్యక్రమం కింద ఊళ్లలో బీపీ, షుగరు చూస్తున్నారు. మంచిదే. కానీ బీపీ ఉన్నవారికి ఏడాదికోసారైనా మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంత ఉన్నాయో చూడకపోతే లోపలి నష్టం బయటపడదు. తొలి దశల్లో నొప్పీ ఉండదు, వాపూ ఉండదు.

పొద్దున్నే ఏ మందుల షాపు దగ్గరైనా నిలబడి చూడండి. ఒకే మనిషి బీపీ మాత్రల అట్టతో పాటు మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ కూడా పట్టుకెళ్తాడు. చీటీ అడిగేవారేరీ? ఆ నొప్పి మాత్ర రోజూ వేసుకుంటే బీపీ పెరుగుతుంది, కిడ్నీకీ దెబ్బే.

రోగులకిచ్చే బీపీ కార్డులోనే క్రియాటినిన్‌కు ఒక గడి, మూత్ర పరీక్షకు ఒక గడి పెట్టాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. గడి ఖాళీగా కనబడితే కనీసం ఏఎన్‌ఎం అయినా అడుగుతుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, టెక్కలి