ఎయిర్‌పోర్ట్‌కు ఇక కరెంటు బండి పంపను

మా ట్రావెల్స్‌లో ఏళ్ల తరబడి బండ్లు ఎక్కుతున్న అందరికీ నమస్కారం.

సంక్రాంతి ముందు జరిగిన సంగతి మీలో చాలామందికి ఇప్పటికే చేరి ఉంటుంది. ఖమ్మం ఎంత ఊరని! వైరా రోడ్డులో తుమ్మితే ఇల్లెందు క్రాస్‌రోడ్డులో చిరంజీవ అంటారు. అయితే చేరేలోపు కథకు కొమ్మలు మొలిచాయి. బండి నడిరోడ్డు మీద ఆగిపోయిందట, బ్యాటరీలోంచి పొగ వచ్చిందట. ఆగలేదు, పొగా రాలేదు. అసలు జరిగింది నేనే చెప్తాను. అందులో నా తప్పు ఎంతో కూడా చెప్తాను.

జనవరి 10, శనివారం. అమెరికాలో స్ప్రింగ్ సెమిస్టర్‌కు వెళ్తున్న అబ్బాయి, వాళ్ల అమ్మానాన్న. తెల్లవారుజామున 3:40కి శంషాబాద్‌లో ఫ్లైట్. ఆ ఇంటి పెద్దమ్మాయిని 2019లో ఎక్కించి వచ్చింది కూడా మా బండే. సాయంత్రం ఏడింటికి బయల్దేరారు. నేను పంపింది ఎలక్ట్రిక్ కారు. అందులో చార్జి 58 శాతం.

నిండా ఎక్కించకుండా ఎందుకు పంపావని అడుగుతారు. అడగాల్సిందే. ఆ బండి ఆ రోజు పొద్దున భద్రాచలం వెళ్లి, మూడూముప్పావుకు 12 శాతంతో యార్డులోకి వచ్చింది. మా గోడకున్న, నెమ్మదిగా ఎక్కించే మామూలు చార్జర్‌కు ఆ మూడు గంటల్లో ఎక్కేది అంతే. యార్డులో ఫాస్ట్ చార్జర్ కూడా ఉంది. అది పనిచేయదు. దాని కథ వేరే చెప్తాను, కాస్త ఎక్కువే చెప్తాను, కడుపు మంట అలాంటిది.

సూర్యాపేటలో హోటల్ దగ్గర నలభై నిమిషాలు చార్జింగ్ పెడితే సరిపోతుందని నా లెక్క. అలా ముప్పై ట్రిప్పులైనా చేశాం, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. నేను లెక్కలో వేసుకోనిది పండగ. ఏడాది కిందట ఆ హోటల్ ముందు మా బండి ఒక్కటే ఉండేది, ఆకుపచ్చ నంబర్ ప్లేటు పక్కన నిలబడి పిల్లలు ఫోటోలు దిగేవాళ్లు. ఆ రాత్రి హైదరాబాద్ నుంచి ఊళ్లకు పోయేవాళ్లతో కలిపి మాకు ముందు తొమ్మిది బండ్లు, అన్నీ ఆకుపచ్చ ప్లేట్లే, అంటే కరెంటు బండ్లే. బండికి తగిలించే చార్జింగ్ గన్‌లు నాలుగుంటే రెండు చచ్చి ఉన్నాయి. మిగిలిన రెండూ ఒకే మిషన్‌వి. ఇద్దరు పెడితే పవర్ చెరి సగం అయిపోతుంది.

2024 నవంబర్ 18 నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్సు లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు, ట్యాక్సీలకు కూడా. 2026 డిసెంబర్ 31 దాకా ఇస్తామన్నారు. జీఎస్టీ కూడా 5 శాతమే. జనం కొనుక్కున్నారు, నేనూ కొనుక్కున్నాను. కొన్నవాళ్లందరికీ ఒకే రాత్రి ఒకే ప్లగ్గు కావాల్సి వచ్చింది. హైవేల్లో బండ్లు పెరిగినంత వేగంగా గన్‌లు పెరగట్లేదు. పెరిగినవాటిలో రాత్రి తొమ్మిదింటికి పనిచేసేవి ఎన్నో ఏ యాప్‌లోనూ సరిగా ఉండదు.

బండి నడిపింది మా సీనియర్ డ్రైవర్. ఆఫీసులో అందరం బాబాయ్ అంటాం, మీరూ అంటారు. గంట చూసి, ఇక లాభం లేదని ముందుకు పోయాడు. నకిరేకల్ దాటాక ఇంకో చార్జర్, ఎవరూ లేరు. గన్ పెట్టాడు. యాప్‌లో డబ్బులు కట్ అయ్యాయి, స్క్రీన్ మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. మళ్లీ పెట్టాడు, మళ్లీ కట్ అయ్యాయి. మూడోసారీ అంతే. బండిలో 25 శాతం మిగిలింది, ఎయిర్‌పోర్ట్ ఇంకా వంద కిలోమీటర్ల పైమాటే. 10:20కి నాకు ఫోన్ చేసి ఒకటే మాటన్నాడు: "డీజిల్ బండి చూడు అబ్బాయ్."

నల్గొండలో తెలిసిన ట్రావెల్స్ వాళ్లను లేపి బండి పంపించాను. పొగమంచులో, రోడ్డు పక్కన, ఫోన్ లైట్లు పట్టుకుని పెట్టెలు అందులోకి మార్చారు. కౌంటర్ మూయడానికి 23 నిమిషాల ముందు చేరారు. అబ్బాయి ఎక్కాడు.

మర్నాడు వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి, "నీ ప్రయోగాలకు మా పిల్లోడే దొరికాడా?" అని పెట్టేశారు. ఇరవై రెండేళ్ల నుంచి ఈ పని చేస్తున్నాను. తిట్లు తినలేదా అంటే తిన్నాను, ఏసీ చల్లగా లేదని, డ్రైవర్ పాటలు పెట్టాడని. ఇలాంటి మాట పడలేదు. కిరాయి మొత్తం వెనక్కి వేశాను. నల్గొండ బండి ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆయన ఆ డబ్బు సాయంత్రానికల్లా తిప్పి పంపారు. ఆ తిప్పి పంపడం తిట్టినదానికంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక ఆ చార్జర్ సంగతి.

2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగినప్పుడు మా పాత యార్డులో రెండు డీజిల్ బండ్లు సీట్ల దాకా మునిగాయి. ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చినదానికి ఇంకొంత అప్పు కలిపి, ట్యాక్సు మాఫీ కూడా వచ్చింది కదా అని, నిరుడు ఫిబ్రవరిలో రెండు ఎలక్ట్రిక్ కార్లు తీసుకున్నాను. యార్డు ఎత్తు ప్రదేశానికి మార్చాను. సొంతంగా ఒక 30 కిలోవాట్ ఫాస్ట్ చార్జర్ ఉంటే ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య గంటన్నరలో బండి నిండుతుందని, జూన్‌లో హైదరాబాద్‌లో ఒక డీలర్‌కు ఆర్డర్ ఇచ్చాను. అరవై శాతం అడ్వాన్సు. ఆరు వారాల్లో పెడతామన్నారు.

కరెంటాఫీసు వాళ్లను మనం ఊరికే తిడతాం. అదనపు లోడు శాంక్షన్, త్రీఫేజ్ మీటర్, చెప్పిన రోజుకు వచ్చి పెట్టి వెళ్లారు. మీటర్ వచ్చింది, తిరగడానికి మిషన్ లేదు. నెలనెలా కనీస చార్జీలు కట్టాను. డీలర్‌కు ఫోన్ చేస్తే పోర్టులో ఉందనేవాడు, తర్వాత గోడౌన్‌లో, ఆ తర్వాత వాళ్ల బావమరిది పెళ్లిలో. అక్టోబర్‌లో దింపారు. మిగతా నలభై శాతం ఇస్తేనే లారీలోంచి దించుతామన్నారు. ఇచ్చాను. మా ఆవిడ వద్దంది. ఇచ్చాను.

పందొమ్మిది రోజులు పనిచేసింది. ఇరవయ్యో రోజు పొద్దున స్క్రీన్ మీద సర్వర్ కనెక్ట్ కాలేదని వచ్చింది. నాకు అప్పటిదాకా తెలియని విషయం ఏమిటంటే, ఆ మిషన్ బాగానే ఉన్నా, కరెంటు వస్తున్నా, గన్ బండికే ఉన్నా, ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్ సరే అంటేనే చార్జింగ్ మొదలవుతుంది. ఆ కంప్యూటర్ సరే అనడం మానేసింది. నా స్థలం, నా మీటరు, నేను కొన్న మిషను, పర్మిషన్ మాత్రం ఇంకెవడిదో. బోరు మోటారు కొంటే స్విచ్ మన చేతిలో ఉండదా? డీలర్‌ను అడిగితే సాఫ్ట్‌వేర్ టీమ్ చూస్తోందన్నాడు. సాఫ్ట్‌వేర్ టీమ్ నంబర్ అడిగితే మెయిల్ పెట్టమన్నాడు. పదకొండు మెయిళ్లు పెట్టాను. ఇప్పుడు వేరే మోడల్‌కు మారిస్తే సమస్య ఉండదట, తేడా లక్షా నలభై వేలు కట్టాలట.

కట్టను. లక్షా నలభై పోతుందని కాదు. కడితే ఆ పందొమ్మిది రోజులకు నేనే దండం పెట్టినట్టవుతుంది. వినియోగదారుల ఫోరంలో కేసు వేశాను, ఎన్నేళ్లు పట్టినా పట్టనీ. మిషన్ అలాగే ఉంది. దాని గన్ తగిలించే కొక్కేనికి మా డ్రైవర్లు తడి తువ్వాళ్లు ఆరేస్తున్నారు. యార్డుకు వచ్చినప్పుడు చూడండి, నాలుగున్నర లక్షల దండెం.

డీలర్ మోసం నిజమే. అయినా 58 శాతంతో బండి పంపాలన్న నిర్ణయం డీలర్‌ది కాదు, నాది. ఆ సాయంత్రం యార్డులో డీజిల్ బండి ఒకటి ఖాళీగా ఉంది. కిలోమీటరుకు కరెంటు మా యార్డులో పెడితే రూపాయిన్నర లోపు, డీజిల్ అయితే ఏడు దాటుతుంది. ఆ తేడాకు ఆశపడ్డాను. ఇది మీకు చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు.

ఆ తర్వాత మూడు వారాలు సరిగా నిద్రలేదు. రెండు కరెంటు బండ్లూ అమ్మేద్దామనుకున్నాను. అడిగి చూస్తే ఏడాది బండికి సగం ధర చెప్పారు, బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ కాగితం చేతిలో ఉన్నా సరే. పోనీ డీజిల్‌కే పోదామా అంటే, ఊళ్లో ఆసుపత్రికీ స్టేషన్‌కూ నాలుగైదు కిలోమీటర్ల ట్రిప్పులు తిప్పే కొత్త కాలుష్య నిబంధనల బీఎస్-6 డీజిల్ బండికి, పొగ బయటికి పోయే దారిలో మసిని ఆపే డీపీఎఫ్ ఫిల్టర్ మసి పట్టి మూసుకుపోతుంది. ఒకసారి ఆ బిల్లు కట్టినవాడికి చాలు.

నా చేత నిర్ణయం చేయించింది బాబాయ్ మోకాలు. ఆయనకు యాభై ఆరేళ్లు. ఎలక్ట్రిక్ కారు తెచ్చిన మొదటి రోజు, ఇది బొమ్మ కారు, నేను నడపనన్నాడు. ఇంకో కారణం కూడా ఉండేది. బత్తా కాకుండా డీజిల్ డబ్బుల్లో పొదుపు చేసి డ్రైవర్లు నాలుగు రూపాయలు మిగుల్చుకుంటారు, నాకు తెలుసు, నేనూ ఒకప్పుడు డ్రైవర్నే. కరెంటు బండిలో మిగల్చడానికేమీ లేదు. బత్తా వంద పెంచాక ఎక్కాడు. నెల తిరిగేసరికి దిగనన్నాడు. క్లచ్ లేదు, గేర్లు లేవు, ట్రాఫిక్‌లో కాలు ఎత్తితే బండి అదే నెమ్మదిస్తుంది, ఆ వెనక్కొచ్చే కరెంటు బ్యాటరీలోకే పోతుంది. ఏళ్లుగా కట్టుకున్న మోకాలి బెల్టు తీసేశాడు. మీటింగ్ పెట్టి డీజిల్‌కు పోదామని నేనంటే, "క్లచ్ బండి తెస్తే నన్ను పంపించెయ్" అన్నాడు. డ్రైవర్లు కొత్త బండ్లకు ఎందుకు మారతారు, ఎందుకు మారరు అని పేపర్లలో పెద్దపెద్దవాళ్లు రాస్తుంటారు. నేను చూసింది మాత్రం ఇది.

కాబట్టి హైబ్రిడ్, అంటే ఇంజినూ కరెంటు మోటారూ రెండూ ఉన్న బండి. ఏడు సీట్ల పెట్రోల్ హైబ్రిడ్ ఒకటి గత వారం వచ్చింది. చాలామంది అడుగుతున్నారు, దీనికి ప్లగ్గు ఉండదు. ఇంజిన్ నడిచేటప్పుడూ బ్రేకు వేసినప్పుడూ దాని చిన్న బ్యాటరీ అదే నింపుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది, ఏసీ నడుస్తూనే ఉంటుంది, బండి ఆగిపోయిందని కంగారు పడకండి. ఊళ్లో మైలేజీ బ్రహ్మాండం. హైవే మీద అంత ఉండదు, మాకు లీటరుకు పదహారు, పదిహేడు వస్తోంది. క్లచ్ లేదు, బాబాయ్ సంతోషం. ధర మాత్రం గుండె పట్టుకునేలా ఉంది. కరెంటు బండికి జీఎస్టీ 5 శాతం, దీనికి 2025 సెప్టెంబర్ 22 నుంచి 40. అంతకుముందు సెస్సుతో కలిపి 43 ఉండేదిలెండి. మన దగ్గర రోడ్ ట్యాక్సు మాఫీ కూడా దీనికి లేదు. ఉత్తరప్రదేశ్‌లో 2024 జూలైలోనే హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ పన్ను తీసేశారు. మనవాళ్లు ఎందుకు తీయరో నాకు అర్థం కాదు. చార్జర్లు పెరిగేదాకా నాలాంటివాడికి మధ్యలో మెట్టు ఇదే కదా.

అందువల్ల ఎయిర్‌పోర్ట్ కిరాయి మూడు వందలు పెరిగింది. ఎయిర్‌పోర్ట్, తిరుపతి, రాత్రి పది దాటిన దూర ప్రయాణాలకు హైబ్రిడ్ గానీ డీజిల్ గానీ వస్తుంది. కరెంటు బండ్లు ఊళ్లోకి, భద్రాచలం, విజయవాడ, సూర్యాపేట, వరంగల్ దాకా. అది కూడా 90 శాతం దాటి ఉంటేనే గేటు దాటుతాయి. పంపేముందు మీటర్ ఫోటో మీ వాట్సాప్‌కు వస్తుంది. తక్కువ ఉంటే ఎక్కకండి, నాకు ఫోన్ చేయండి. ఈ కిరాయిలు మారలేదు.

తక్కువకు వస్తుందని ఎయిర్‌పోర్ట్‌కు కరెంటు బండే కావాలని ఇద్దరు ముగ్గురు అడిగారు. మేడారం జాతరకు అడిగినవాళ్లూ ఉన్నారు. పంపలేదు. ఇంకా అడగకండి, ఎంత దగ్గరివాళ్లైనా సరే. పోటీ ట్రావెల్స్ వాళ్లు పంపుతున్నారంటే అక్కడే ఎక్కండి, నాకేం కోపం లేదు. కొంచెం ఉంది.

అలాగని కరెంటు బండ్లు దండగని నాతో అనిపించలేరు. రెండూ కలిపి ఇప్పటికి తొంభై వేల కిలోమీటర్లు తిరిగాయి, టైర్లు తప్ప ఖర్చు లేదు. సూర్యాపేట, నకిరేకల్ దగ్గర గన్‌లు పది అయ్యి, ఒక పండగ రాత్రి నేనే స్వయంగా వెళ్లి చూసి, అన్నీ పనిచేస్తుంటే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

ఇంకొకటి. ఆ రాత్రి పెట్టెలు మార్చే హడావుడిలో ఒక గుడ్డ సంచి మా డిక్కీలోనే ఉండిపోయింది. కారప్పొడి, గోంగూర పచ్చడి, నువ్వుల లడ్డూలు. అమ్మ చేత్తో కట్టిన ముడి, విప్పలేదు. ఇంటికి తెచ్చిస్తానంటే ఆ అబ్బాయి నాన్నగారు ఫోన్ ఎత్తట్లేదు. లడ్డూలు ఈపాటికి మెత్తబడి ఉంటాయి, పచ్చళ్లకు ఏమీ కాదు. వాళ్ల వీధివాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక మాట చెప్పండి. అమెరికాకు కొరియర్ ఖర్చు నాది.