ఎనిమిది నెలలుగా మీ గ్రూపులు చూస్తున్నాను: వచ్చే నెల నుంచి మారబోయేవి

నమస్కారం.

మీ ఆన్‌లైన్ గ్రూపులు చూసుకునే పని మొదలుపెట్టి ఈ నెలతో ఎనిమిది నెలలు నిండాయి. అంతకుముందు వర్చువల్ అసిస్టెంట్‌గా నేను చేసినవి ఈమెయిళ్లు సర్దిపెట్టడం, మీటింగులకు టైమ్ కుదర్చడం, ఎక్సెల్ షీట్లు నింపడం లాంటి పనులే. గ్రూప్ మోడరేషన్, అంటే పోస్టులు గమనిస్తూ రూల్ తప్పినవి ఆపే పని, కూడా చేస్తానని అడిగినప్పుడు ఇందులో నాకు అనుభవం లేదని మీ అందరికీ ముందే చెప్పాను. అయినా నమ్మి అప్పగించారు. ఇప్పుడు ఐదు గ్రూపులు నా చేతిలో ఉన్నాయి. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి పని తీరు కొంత మారుస్తున్నాను. ఎందుకు మారుస్తున్నానో అర్థం కావాలంటే నా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పాలి. ఆ గ్రూప్ యజమానికి అప్పుడే అన్నీ చెప్పాను. ఇక్కడ రాయడానికి వారు ఒప్పుకున్నారు.

అది మేడ మీద మొక్కలు పెంచుకునేవాళ్ల గ్రూప్. అమ్మకాల ప్రకటనలు పెట్టకూడదన్నది అక్కడి రూల్. ఒకరోజు పొద్దున్నే ఒక సభ్యురాలు నారు మొక్కల ఫొటోలు పెట్టి, కింద ఒక విత్తనాల దుకాణం లింక్ ఇచ్చారు. నా కంటికి ఆ లింక్ ఒక్కటే కనిపించింది. పోస్ట్ తీసేశాను. ఆవిడ ఏడు రోజులు గ్రూపులో ఏమీ రాయలేకుండా మ్యూట్ చేశాను. ఎందుకు చేశానో ఒక్క ముక్క కూడా రాయలేదు. అంతా కలిపి నిమిషం పట్టలేదు. స్పామ్ త్వరగా పట్టుకున్నాననే అనుకున్నాను కూడా.

నాలుగు రోజుల తర్వాత ఎవరో “మన అక్క కనిపించడం లేదేంటి?” అని అడిగారు. కింద ఇంకో పదిమంది అదే అడిగారు. అప్పుడు వెనక్కి వెళ్లి చూశాను. ఆవిడ పోస్టుకు రెండు రోజుల ముందు ఒక కొత్త సభ్యుడు ఆ విత్తనాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. ఆవిడ పెట్టింది దానికి జవాబు. ఆ దుకాణంతో ఆవిడకు ఏ సంబంధమూ లేదు. ఆకు ముడత గురించి గానీ, పిండినల్లి గురించి గానీ ఎవరు అడిగినా మూడేళ్లుగా మొదట జవాబు చెప్పే మనిషి ఆవిడే. పేరు మీద నొక్కి పాత పోస్టులు చూసి ఉంటే అర నిమిషంలో తెలిసిపోయేది. ఆవిడ నాతో గొడవ పడలేదు, యజమానికి ఫిర్యాదు చేయలేదు. చెప్పాపెట్టకుండా గ్రూప్ వదిలి వెళ్లిపోయారు.

ఒక్క మనిషి వెళ్లిపోతే ఏమవుతుందని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారన్న దాని మీద చాలా ఏళ్లు పనిచేసిన జేకబ్ నీల్సన్ 2006లో ఒక లెక్క చెప్పారు. ఇలాంటి సమూహాల్లో సుమారు 90 శాతం మంది చదివి ఊరుకుంటారు, 9 శాతం మంది అప్పుడప్పుడు రాస్తారు, ఎక్కువ భాగం రాసేది మిగిలిన ఆ ఒక్క శాతమే. ప్రతి గ్రూపుకూ ఇది అచ్చంగా సరిపోదు. కానీ నేను చూస్తున్న ఐదింటిలోనూ రోజూ కళ్లబడేది దాదాపు ఇదే. నేను పంపేసింది ఆ ఒక్క శాతంలోని మనిషిని. ఆ తర్వాత రెండు వారాలు తెగుళ్ల గురించి వచ్చిన ప్రశ్నలు జవాబు లేకుండా అలాగే ఉండిపోయాయి.

ఈ సంఘటన తర్వాత తప్పు చేసినవాళ్లతో ఎలా వ్యవహరించాలన్న విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. అలా ఎలినార్ ఆస్ట్రోమ్ గురించి తెలిసింది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు, ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆవిడే. కాలువ నీళ్లు, అడవులు, చేపల వేట లాంటి ఉమ్మడి వనరులను జనం తమలో తాము ఎలా కాపాడుకుంటారో ఆవిడ పరిశీలించారు. చాలాకాలం నిలబడిన చోట్ల ఆవిడకు కనిపించిన లక్షణాల్లో ఒకటి, శిక్ష మెట్లు మెట్లుగా ఉండటం. మొదటి తప్పుకు చిన్న హెచ్చరికతో సరిపెడతారు, మళ్లీ మళ్లీ చేస్తే పెంచుతారు. ఇంకొకటి, తగాదాను పెద్ద ఖర్చు, పెద్ద శ్రమ లేకుండా తేల్చుకునే చోటు ఉండటం. నీళ్ల వంతుల గురించి చెప్పిన ఆ మాటలు నాకు మొక్కల గ్రూపు గురించే చెప్పినట్టు అనిపించాయి. నేను మొదటి మెట్టు ఎక్కకుండానే పై మెట్టు మీదికి దూకాను. పైగా ఆ సభ్యురాలు వచ్చి అడగడానికి ఒక చోటు కూడా పెట్టలేదు.

కాబట్టి మొదటి మార్పు ఇది. రూల్ తప్పినట్టు కనిపించిన సభ్యుల పాత పోస్టులు చూడకుండా ఇకమీద ఏ చర్యా తీసుకోను. మొదటిసారి అయితే పోస్ట్ పక్కన పెట్టి, ఏ రూల్ తప్పారో, ఎలా మార్చి పెట్టవచ్చో మర్యాదగా మెసేజ్ పంపుతాను. రెండోసారి హెచ్చరిక. మూడోసారి కొద్ది రోజుల మ్యూట్. గ్రూప్ నుంచి తీసేయడం మాత్రం మీరు సరేనన్న తర్వాతే. నా నిర్ణయం తప్పనిపించిన సభ్యులు నేరుగా మీకు రాసుకోవచ్చని ప్రతి మెసేజ్ చివర ఉంటుంది. బూతు లింకులు, దొంగ ఖాతాలు, లాటరీ మోసాల విషయంలో ఈ మెట్లేవీ ఉండవు. అవి కనిపించిన వెంటనే పోతాయి.

రెండో మార్పుకు మీ సాయం కావాలి. ఐదు గ్రూపుల్లో మూడింటికి రూల్స్ రెండు వాక్యాలకు మించి లేవు. “ప్రమోషన్ వద్దు” అంటే ఏంటి? ఒకరు అడిగితే ఇంకొకరు లింక్ ఇవ్వడం ప్రమోషనా? తను కుట్టిన బ్లౌజు ఫొటో పెట్టి “ఎలా ఉంది?” అని అడగడం ప్రమోషనా? కింద ఎవరో రేటు అడిగితే అప్పుడు? ఇవి నాకు నేనుగా తేల్చాల్సిన విషయాలు కావు. మీ గ్రూప్ ఎలా ఉండాలో మీకే తెలుసు. ఇన్నాళ్లూ అడగకుండా నా అంచనాతో నడిపాను, అది నా పొరపాటు. అందుకే ఒక్కొక్కరితో గంట సేపు మాట్లాడి, ఈ మధ్య మీ గ్రూపులో వచ్చిన ఇరవై సందేహాస్పద పోస్టులు ముందు పెట్టుకుని, ఏది ఉంచాలో ఏది తీయాలో మీ నోటితోనే చెప్పించుకుంటాను. ఆ జవాబుల నుంచే రూల్స్ రాస్తాను. ఆ గంటకు డబ్బు తీసుకోను.

ఇప్పుడు రాత్రుల సంగతి. మొదట్లో “ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచుతాను” అని రాశాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను. నేను ఒక్క మనిషిని, నిద్రపోతాను. ఒక గ్రూపులో రాత్రి పదకొండున్నరకు మొదలైన వాదన తెల్లారేసరికి రెండు వందల కామెంట్లకు చేరింది. ఒక అమ్మాయి ప్రొఫైల్ ఫొటో మీద అనరాని మాటలు అన్నారు. నేను ఆరింటికి లేచి అవన్నీ తీసేశాను. కానీ అప్పటికే ఆ అమ్మాయి అన్నీ చదివేసింది. ఆ ఉదయం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇకమీద పొద్దున ఏడు నుంచి రాత్రి పది వరకు, రెండు గంటలకు ఒకసారి చూస్తాను. ఆ వేళల్లో మాట పోనివ్వను. పది దాటాక మనిషికి బదులు సెట్టింగులు కాపలా ఉంటాయి. ఫేస్‌బుక్ గ్రూపుల్లో కొత్త పోస్టులన్నీ ఆమోదం కోసం ఆగేలా పెడతాను. టెలిగ్రామ్, డిస్కార్డ్‌లలో స్లో మోడ్ పెడితే ఒక మెసేజ్ తర్వాత ఇంకోటి పంపడానికి సభ్యులు కాసేపు ఆగాల్సి వస్తుంది. వాదన రాజుకోవడానికి కావలసిన వేగమే దానికి దొరకదు. మీ సభ్యులు కొందరికి ఇది నచ్చకపోవచ్చు. వద్దనుకుంటే చెప్పండి, కానీ అప్పుడు రాత్రి జరిగేది తెల్లారాకే నాకు తెలుస్తుంది.

ఆటోమేటిక్ ఫిల్టర్లు ఉన్నాయి కదా అని ఇద్దరు అడిగారు. ఉన్నాయి. డిస్కార్డ్ 2022లో ఆటోమాడ్ తెచ్చింది, ఫేస్‌బుక్‌లో అడ్మిన్ అసిస్ట్ ఉంది. ఇచ్చిన మాటలు కనిపిస్తే అవి పోస్టును ఆపుతాయి. తెలుగు దగ్గరికి వచ్చేసరికి వాటికి కష్టం. మన మాట ఒక్క రూపంలో ఉండదు. మోసం, మోసగాడు, మోసపోయాను, మోసాలకు అని సాగుతూనే ఉంటుంది. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్ వాడతారు. తిట్లయితే మధ్యలో చుక్కలు, అంకెలు పెట్టి రాస్తారు. ఎన్ని రూపాలు చేర్చినా ఇంకోటి మిగులుతుంది.

అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. డబ్బు మోసాలు ఆపుదామని ఒక గ్రూపులో “మోసం” అన్న మాటనే ఫిల్టర్‌లో పెట్టాను. మోసగాళ్లు తమ పోస్టులో ఆ మాట ఎందుకు రాస్తారు? ఆగిపోయినవన్నీ “జాగ్రత్త, నేను మోసపోయాను” అని తోటివాళ్లను హెచ్చరించే పోస్టులే. మూడు రోజులు ఆ హెచ్చరికలు ఎవరికీ కనిపించలేదు. ఇప్పుడు ఫిల్టర్ ఆపినవన్నీ నా డ్యూటీ వేళల్లో నేనే చదివి వదులుతున్నాను. దేన్నీ ఫిల్టర్ చేతికి పూర్తిగా వదలను.

నేను చేయలేనిది ఒకటి స్పష్టంగా చెప్పాలి. మీ పేరు, మీ ఫొటో పెట్టుకుని ఎవరో దొంగ ఖాతా తెరిచి మీ సభ్యులకు విడిగా మెసేజ్ చేస్తారు, “కోర్సు ఫీజు ఈ నంబరుకు పంపండి” అంటారు. రెండు గ్రూపుల్లో ఇది జరిగింది. ఆ ప్రైవేటు మెసేజ్‌లు మోడరేటర్‌కు కనిపించవు. కాబట్టి అవి జరగకుండా ఆపగలనని మాట ఇవ్వలేను. నేను చేయగలిగింది, “అడ్మిన్లు విడిగా మెసేజ్ పెట్టి డబ్బు అడగరు” అని పైన పిన్ చేసి ఉంచడం, కొత్తగా చేరినవాళ్లందరికీ అది పంపడం, ఎవరైనా చెప్పగానే ఆ ఖాతాను రిపోర్ట్ చేసి తీసేయడం. ఆ ఒక్క వాక్యం నిజం కావాలంటే మీరు కూడా సభ్యులను విడిగా డబ్బు అడగకూడదు. దయచేసి ఇది పాటించండి.

పాస్‌వర్డుల గురించి. మీలో ఒకరు మొదటి రోజే ఖాతా పాస్‌వర్డ్ పంపేశారు. మార్చేయమని అప్పుడే చెప్పాను, అందరికీ మళ్లీ చెబుతున్నాను. నాకు పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఫేస్‌బుక్‌లో మోడరేటర్ హోదా ఇస్తే చాలు, ఆ హోదాతో నేను మిమ్మల్ని అడ్మిన్‌గా తీసేయలేను. టెలిగ్రామ్‌లో ఏ అధికారం ఇవ్వాలో విడివిడిగా ఎంచుకోవచ్చు, కొత్త అడ్మిన్లను చేర్చే అధికారం నాకు ఆపేయండి. వాట్సాప్‌లో మోడరేటర్ అనే వేరే హోదా లేదు, అడ్మిన్‌గానే చేయాలి, అందుకే అక్కడ నమ్మకం ఎక్కువ కావాలి. నా ఖాతాలన్నింటికీ రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకున్నాను. మీవాటికి లేకపోతే ఈ వారమే పెట్టుకోండి.

చేసిన ప్రతి చర్యనూ మీతో పంచుకున్న షీట్‌లో రాయడం కూడా మొదలుపెట్టాను: తేదీ, పోస్ట్ స్క్రీన్‌షాట్, ఏ రూల్, ఏం చేశాను, సభ్యులకు ఏం రాశాను. యాప్‌లో రికార్డు ఉంటుంది కదా అనుకోవద్దు. టెలిగ్రామ్‌లో అడ్మిన్ల చర్యల చిట్టా 48 గంటలే కనిపిస్తుంది, డిస్కార్డ్‌లో 45 రోజులు. నెల తర్వాత నా నిర్ణయాన్ని మీరు ప్రశ్నించాలంటే ఆధారం మీ చేతిలో ఉండాలి. మీ సభ్యుల మాటలు ఆ షీట్ దాటి వెళ్లవు. ఏ ఏఐ టూల్‌లోనూ వాటిని పేస్ట్ చేయను.

ఎవరైనా బతకాలని లేదన్నట్టు రాస్తే వెంటనే తీసేయను, మ్యూట్ అసలే చేయను. తీసేస్తే తన మాట కూడా ఎవరికీ అక్కర్లేదని ఆ మనిషికి అనిపిస్తుంది. కింద వచ్చే కామెంట్లు ఆపి, ఆ మనిషికి నేను రాసి, హెల్ప్‌లైన్ నంబరు ఇచ్చి, నేను చూసిన నిమిషంలోనే మీకు ఫోన్ చేస్తాను. ఏ వేళైనా ఎత్తండి. ఇందులో నాకు శిక్షణ లేదు, ఒంటరిగా మోయగలిగే పని కూడా కాదు.

ఫీజు లెక్క కూడా మారుతోంది. ఇప్పటిదాకా సభ్యుల సంఖ్యను బట్టి తీసుకున్నాను. నలభై వేలమంది ఉన్న గ్రూపుకు రోజుకు అరగంట చాలుతోంది, ఆరు వందల మంది ఉన్న ఇంకో గ్రూపుకు రెండు గంటలు పడుతోంది. ఇకమీద గంటల లెక్క. ముగ్గురికి తగ్గుతుంది, ఇద్దరికి పెరుగుతుంది. ఎవరికి ఎంతో విడిగా రాశాను. పెరిగినవాళ్లు వద్దనుకుంటే ఈ నెలాఖరు దాకా పాత లెక్కకే చేసి, రూల్స్, షీట్ అన్నీ వచ్చేవాళ్లకు అప్పగించి వెళతాను. ఐదుకు మించి కొత్త గ్రూపులు మాత్రం ఇప్పట్లో తీసుకోను.

మొక్కల గ్రూపు అక్కకు క్షమాపణ రాశాను. “పర్లేదమ్మా, నాకు చెప్పి ఉంటే మార్చి పెట్టేదాన్ని” అని జవాబిచ్చారు. తిరిగి చేరమని యజమాని అడిగారు, ఇంకా చేరలేదు. తీసేసిన పోస్టును నా తప్పు అని రాసి మళ్లీ పెట్టించాను.

రూల్స్ గురించి మాట్లాడటానికి ఈ శని, ఆదివారాల్లో ఏ గంట మీకు కుదురుతుందో ఈ మెసేజ్‌కే జవాబుగా పంపండి. ఆ ఇరవై పోస్టులు ముందురోజే మీకు పంపిస్తాను.