వసారాలో జనరేటరు వద్దు నాన్నా

నాన్నగారికి నమస్కారాలు.

తమ్ముడు ఫొటో పంపాడు. తుఫానుల రోజులు రాకముందే జనరేటరు కొన్నందుకు సంతోషం. కానీ దాన్ని వెనక వసారాలో, అమ్మ పడుకునే గది కిటికీ కింద పెట్టారు. దయచేసి అక్కడ నడపకండి.

వసారాలో గాలి ఆడుతుంది కదా అంటారు. కానీ జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కిటికీ సందులోంచి వచ్చేస్తుంది, రక్తంలో ప్రాణవాయువుకి చోటు లేకుండా చేస్తుంది. ముందు తలనొప్పి, వాంతి. నిద్రలో ఉన్నవాళ్ళకి అదీ తెలియదు. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ టెక్సాస్‌లో మంచుకి కరెంటు పోయినప్పుడు అలాగే ప్రాణాలు పోయాయి. 2024 జులైలో బెరిల్ తుఫానప్పుడు మా పక్కింటాయన గ్యారేజీ తలుపు సగం ఎత్తి జనరేటరు వేశాడు. వాళ్ళావిడ మెట్టు మీద తల పట్టుకు కూర్చుంది, ఎండదెబ్బ అనుకుంటోంది. లోపల గోడకున్న అలారం కీచుమంటూనే ఉంది. బ్యాటరీ అయిపోయి మోగుతోందనుకున్నారట! మేం వెళ్ళి ఆపించాం. అలాంటి అలారమే ఒకటి ఊరొస్తున్న స్నేహితుడితో పంపుతున్నాను, అమ్మ మంచం దగ్గర పెట్టండి.

నూతి అవతల పాత పశువులపాక అరుగు ఉంది కదా, అక్కడ పెట్టండి. ఎత్తు కాబట్టి నీళ్ళు నిలవవు. ఇంటి గోడకి 20 అడుగులు తగ్గకూడదు, టేపుతో కొలవండి. పొగగొట్టం కాలవ వైపు ఉండాలి, పెద్దమ్మ వాళ్ళ కిటికీ వైపు కాదు. గడ్డివాము దగ్గరా, కొబ్బరిచెట్ల కిందా వద్దు. 1996 నవంబరు తుఫానుకి మన తోట ఎలా నేలమట్టమయిందో మీరే చూశారు. వానకి నాలుగు బొంగులు పాతి పైన రేకు వేయించండి, పక్కలు మాత్రం బరకంతో మూయకండి. దొంగల భయమైతే గొలుసు వేయండి. జనరేటరు మాత్రం గాలి హోరు తగ్గాకే వేయండి. పెట్రోలు ఇంజను చల్లారాకే పోయాలి.

ఇంకొకటి. జనరేటరు వైరుని గోడ ప్లగ్గులో పెట్టి ఇల్లంతా వెలిగించొద్దు. ఆ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మరు దాకా పోయి 11 వేల వోల్టులవుతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్ కూడా ఎవరో ఒకరి బిడ్డే కదా. ఇంటికంతా కావాలంటే అమలాపురం నుంచి ఎలక్ట్రీషియన్ని పిలిపించి లైను కరెంటూ జనరేటరు కరెంటూ కలవకుండా చూసే ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి. అప్పటిదాకా ఫ్రిజ్జూ, అమ్మ నెబ్యులైజరూ నేరుగా దానికే తగిలించుకోండి.

గోడకీ అరుగుకీ మధ్య టేపు పట్టుకుని ఫొటో తీయించి పంపండి. ఇక్కడ అర్ధరాత్రయినా చూస్తాను.

మీ పెద్దబ్బాయి
హ్యూస్టన్